బియ్యంలో రాసిన పేరు

ఇంకా పిలవలేదు. పిలుస్తారు కూసోండక్కా అని చెప్పి మా లాయరమ్మ సమీనా నల్లకోటు ఎగరేసుకుంటా ఇంకో హాలుకి పరిగెత్తింది, నేనూ మా అత్తా ఈ సివిల్ కోర్టు వరండాలో బెంచీ మీద మిగిలినాము, బెంచీ అని పేరే గానీ ఒక కాలు పొట్టిది, మా అత్త ఆ పక్క కదిల్తే ఈ పక్క నేను లేస్తా, నేను కదిల్తే ఆమె లేస్తాది, ఇరవై రెండేండ్లు ఒక ఇంట్లో ఇట్లనే కదా బతికింది అనుకుంటే నవ్వు రావాల, రాదు, కడుపు మండుతుండాది. ఎందుకు మండదు? నా పేరు భారతి. మా నాయన పెట్టిన పేరు. అది నాదే అని చెప్పుకోడానికి నేను జడ్జి ముందర నిలబడాల, పోయిన వాయిదాకి నిలబడినా కూడా, అయితే నేను చెప్తే చాలదంట, సాక్షి కావాలంట. ఆ సాక్షి ఎవురు? ఆ పేరు నా నుంచి గుంజుకున్న మనిషే. ఇదిగో, నా పక్కనే, పోలీసాయన తిట్టినాడని వక్కాకు ఉమ్మేసి వచ్చి ఖాళీ నోరు నములుతా, కిటికీ మీద పావురాల్ని చూస్తా కూసోనుండాది. లోపలికి పోయి ఏం చెప్తుందో దేవుడికే ఎరక.

యలహంక నుంచి ఇంతదూరం బస్సులో వస్తిమి. నేనే అడిగినా, అత్తా, లోపల అడిగితే ఏం చెప్తావు అని. తెలిసింది చెప్తా అనింది. తెలిసింది అంటే ఏంది? ఆమెకి తెలిసింది ఒకటే, ఆ ఇంట్లో భారతి అంటే తాను, వీధిలో భారతమ్మ అంటే తాను, ఇంకెవురికీ ఆ పేరు ఉండకూడదు. అదే చెప్పేస్తే? ఇది అర్పిత, పెండ్లి నాటినుంచీ అర్పితే, నాకు ఇంకేం తెలీదు సామీ అనేస్తే నా కేసు అక్కడికి సరి. సమీనాది హిందూపురం, చిన్న పిల్ల గానీ మాట సూటి, ఆమే చెప్పింది, అక్కా, పెండ్లికి ముందు నువ్వు భారతివి, పెండ్లయినాక అర్పితవి, ఇద్దరూ ఒకే మనిషి అనాలంటే రెండు కాలాల్లోనూ నిన్ను చూసినోళ్ళు కావాల, ఇంటి మనిషైతే మేలు. రెండు కాలాల్లో చూసినోళ్ళు! మా అమ్మ ఎప్పుడో పోయింది, మేనమామ సొన్నప్ప పోయినాడు, మా నాయన పోయిన సంవత్సరం పోయినాడు. మిగిలింది మొగుడు. మా ఆయన దేవరాజుకి చిక్కపేటలో చీరల అంగడి, వచ్చినోళ్ళ ముందర పొద్దుగూకులూ చీర చీరకీ పేరు చెప్తాడు, ఒక్కటి తప్పడు, పెండ్లాం పేరు కోర్టుకొచ్చి చెప్పు అంటే మాత్రం నోరు పడిపోయింది. మా అమ్మ పేరు కోర్టుకీడుస్తాండావు, సుమ్నే, ఊరికే ఉండలేవా, అమ్మ పేరు పెట్టి పెండ్లాన్ని ఎట్ల పిలిచేదే, నోరొస్తుందా అన్నాడు. ఎప్పుడు పిలిచినావయ్యా నువ్వు? అర్పితా అని ఒక్కనాడన్నా పిలిచినావా? ఏమే, ఇగో, వింటాండావా, ఇవే కదా నాకు నువ్వు పెట్టిన పేర్లు! పిలవని పేరు కోసం నా పేరు తీసేస్తిరి కదా అంటే, పళ్ళెం ముందర్నుంచి లేచిపోయినాడు. అప్పుడు అంది మా అత్త, వంటింటి గడపలో అనపకాయలు ఒలుస్తా, తల ఎత్తకుండానే, నేనొస్తాలే. ఎందుకొస్తుంది? చెడగొట్టడానికి కాకపోతే ఎందుకొస్తుంది?

బంట్రోతు బయటికొచ్చి ఎవురినో పిలుస్తుండాడు, మూడుసార్లు, ఉల్లిగడ్డల బండివాడి గొంతు, నేను సగం లేచినా, మేము కాదు, ఎవురో హేమంత్‌కుమార్. ఆయన లేడు. మూడుసార్లు పిలిస్తే పలకకపోతే కేసు కొట్టేస్తారంట. పేరుకి ఇక్కడ ఇంత విలువ. మా పెండ్లి నాడు ఏం విలువ ఉండిందప్పా? ఒక పళ్ళెం బియ్యం. అంతే. గౌరీపూజ కాడ కూసోబెట్టి, పళ్ళెంలో బియ్యం పరిచి, దేవరాజు చేతికి ఉంగరమిచ్చి రాయి అన్నారు, ఏదో శాస్త్రం అనుకున్నా, తల వంచుకోనుండా కదా, నాకు తలకిందులుగా కనిపించింది, అ, ర్పి, త. అదెవురు అనుకున్నా. నిజంగా అనుకున్నా, వాళ్ళ కులదేవత పేరేమో అని. మా అత్త చెవిలో చెప్పింది, నీ పేరు నా పేరు ఒకటే అయిపోయింది పాపా, మా ఇండ్లల్లో కోడలికి అత్త పేరు ఉండగూడదు, మొగుడు పిలవలేడు, ఈ పొద్దునుంచి నువ్వు అర్పిత. జడ్జి లేడు, సాక్షి లేడు, స్టాంపు కాగితం లేదు, నన్ను అడిగినోడు లేడు. తీసేయడానికి గుప్పెడు బియ్యం చాలింది, తిరిగి తెచ్చుకోడానికి మాత్రం పేపర్లో ప్రకటన, అఫిడవిట్టు, ప్రభుత్వం మీద దావా, వాయిదా మీద వాయిదా. ఆ బియ్యం ఏం చేసినారో తెలుసునా? మధ్యాహ్నం అన్నంలోకే కలిపేసినారు. నా పేరు అందరూ తినిపోయినారు.

సొన్నప్ప మామ మాత్రం తినలేదు. పాపం సొన్నప్ప మామ! మేనమామ కదా, పెండ్లికూతుర్ని గంపలో కూసోబెట్టి పీటల కాడికి మోసుకొచ్చేది ఆయనే, అదే ఆయన హక్కు, దానికోసం నెలనుంచి నడుం నొప్పికి తైలం రాపించుకున్నాడు. అత్తిబెలె నుంచి రెండు బస్సులు మారి పెండ్లి చౌల్ట్రీ కాడికొచ్చినాడు, మేము లోపలికి పోయినాక గేటు మీద మగపెండ్లోళ్ళు పూలతో రాయించుండారు, దేవరాజ్, అర్పిత అని. చదువొచ్చినోడు కాబట్టి చదివినాడు, చదవలేనోడైతే లోపలికి నడిచొచ్చేవాడే. పెండ్లికొడుకు పేరు ఆయనకి గుర్తు లేదు, పిల్ల పేరు చూసి ఇది మన పెండ్లి కాదు అని ఎనక్కి తిరిగి, ఆ రోడ్డులో ఉండే చౌల్ట్రీలన్నీ వెతికినాడు, భారతి పెండ్లి యాడ, భారతి పెండ్లి యాడ అని, ఎవురో సరే రండి అని టిఫిన్‌కి కూసోబెట్టినారు కూడా, ఇడ్లీ ముందర పెట్టుకోని పెండ్లికూతురి మొహం చూసి, అయ్యో ఇది మా పిల్ల కాదే అని లేచి పరిగెత్తినాడంట. ఆయన వచ్చేపాటికి తాళి కట్టేసినారు. గంప ఆ మూల ఖాళీగా ఉండింది, నన్ను దేవరాజు పిన్నమ్మ కొడుకెవురో చెయ్యి పట్టి నడిపించినాడు. మామ పందిట్లో నిలబడి అరిచినాడు, నా కోడల్ని నాకే తెలీకుండా చేస్తిరి కదరా అని, అందరూ నవ్వినారు. దేవరాజూ నవ్వినాడు. ఇప్పుడు కూడా పెండ్లి మాటొస్తే అది చెప్పి నవ్వుతాడు. ఏముందప్పా అందులో నవ్వడానికి?

అందరికీ చిన్న విషయమే. పేరులో ఏముండాది అంటారు, ఏమీ లేకపోతే ఇచ్చేయొచ్చు కదా! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. రేషన్‌కార్డులో అర్పిత అని వాళ్ళే రాయించినారు, దాన్ని చూసి ఓటర్ కార్డు, దాన్ని చూసి ఆధార్, ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం జామీను, ఆఖరికి నేనే అబద్ధమైపోయినా. మా నాయన ఆవులప్ప అత్తిబెలె సంతలో అనపకాయలమ్మే మనిషి, పెద్దయినాక వయోజన బడికి పోయి సంతకం నేర్చుకున్నాడు, నేర్పిన టీచరమ్మ పేరు భారతి, కూతురు పుడితే ఆ పేరే పెడ్తా అన్నాడంట, మా అవ్వ ఎల్లమ్మ అని పెట్టమని ఏడ్చినా వినలేదు. పేరు పెట్టినందుకు నన్నూ టీచర్ ట్రైనింగు చదివించినాడు. అట్లాటి మనిషి మొదటిసారి మా ఇంటికొచ్చి, చెప్పులిడుస్తానే, భారతీ అని కేకేసినాడు. లోపల్నుంచి మా అత్త ఏమప్పా అని బయటికొచ్చింది. మా నాయన నాలుక కరుచుకున్నాడు. వియ్యపురాల్ని పేరు పెట్టి పిలిచినట్టయింది కదా, ఎంత అప్రతిష్ట! ఆ తర్వాత ఆ ఇంట్లో నన్ను పాపా అనినాడే గానీ పేరు ఎత్తలేదు. ఫోన్లో కూడా ముందు పక్కన ఎవురుండారు పాపా అని అడిగేవాడు, ఎవురూ లేరు నాయనా అంటే అప్పుడు మెల్లగా, భారతీ, తిన్నావా. దొంగమాట చెప్పినట్టు చెప్పేవాడు. కన్న కూతురి పేరు!

గాలి లేదు ఈ వరండాలో. కాఫీ వాసన, పాత కాగితాల వాసన, ఒక లాయరు ఫోన్లో అరుస్తుండాడు, మా అత్త కాలు చాపుకోని మోకాలు రుద్దుకుంటుండాది, నొప్పిగా ఉందా అని అడగాలనిపించింది, అడగలేదు, ఈ పొద్దు అడగను. సర్కారీ బడిలో టీచరు పోస్టుకి సెలక్టయినా నేను, ఈ వయసులో, ఇన్నేండ్లు ప్రైవేటు బడుల్లో గొంతు పోగొట్టుకున్నాక, ఆఖరి అవకాశం, దాన్ని ఆపింది కూడా పేరే. ట్రైనింగు పాసయింది భారతి, మీరు అర్పిత, ఆమెని పిలుచుకోని రండి అన్నాడు ఆఫీసాయన, వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. నేనే సార్ భారతి అంటే, ఋజువేది అన్నాడు. కోర్టు డిక్రీ తెచ్చేదాకా పోస్టు పెండింగు. దేవరాజు అప్పుడు కూడా తెలివి చెప్పినాడు, దానికేం, మార్క్స్ కార్డులోనే అర్పిత అని మార్పించుకో, పోలా? రెండూ అంతే పని అక్కా, నీ ఇష్టం అనింది సమీనా. నా ఇష్టం! ఆ మాట నాతో ఎవురన్నా అని ఎంత కాలమయింది! చదివింది భారతి, లాంతరు కాడ కూసోని చదివింది భారతి, దాన్ని కూడా కొట్టేసి అర్పిత అని రాసేస్తే ఇంక మిగిలేదేంది? మార్చేది ఆ కాగితం కాదు సమీనా, ఈ ఆధార్ని మార్చాల అని చెప్పినా. ఇంట్లో అగ్గి పుట్టింది. ఒక ఇంట్లో ఇద్దరు భారతులా, ఊరు నవ్వుతుందంట. నవ్వనీ, నవ్వడం వాళ్ళకేం కొత్త కాదు కదా.

అయినా పోస్టు కోసం కాదు. పోస్టు కోసమే అని అందరికీ చెప్తా, సమీనాకి కూడా అదే చెప్పినా. ఆసుపత్రి కోసం. మా నాయన లోపల ఐసీయూలో, బయట మేమందరం కుర్చీల్లో, నర్సమ్మ తలుపు తీసి, భారతి ఎవురు, తాత పిలుస్తుండాడు, ఒక్కరే రండి అనింది. మా అత్త లేచింది. అలవాటు, ఆమెకి యాభై ఏండ్ల అలవాటు, లేచి కొంగు సర్దుకోని లోపలికి పోయింది. నేను కూసోనే ఉండా. అదప్పా నన్ను కాల్చేది. ఆమె లేచిందని కాదు, నేను లేవలేదని. నా నాయన నన్ను పేరు పెట్టి పిలుస్తుంటే, ఆ పేరు నాకు తగల్లేదు, ఇంకెవురినో పిలిచినట్టు వింటా కూసోనుండా, అంత బాగా తీసేసినారు నా నుంచి. కాసేపటికి మా అత్త బయటికొచ్చి, నిన్నంట, పో అనింది. మొహం అదోరకంగా ఉండింది, అప్పుడు పట్టించుకోలేదు. నేను పోయేపాటికి ఆయన నోటికి గొట్టం పెడ్తా ఉండారు, నన్ను చూసినాడు, చెయ్యి కదిలించినాడు. ఇంక మాటల్లేవు, ఆయన బతికిన ఇంకో రెండు రోజులూ లేవు. ఏం చెప్పాలని పిలిచినాడో, తిన్నావా అని అడిగేదానికే పిలిచినాడేమో. ఆ కోపం ఎవురి మీద చూపించాల? బియ్యం మీదనా?

అర్పిత ఉరఫ్ భారతి! అర్పిత ఉరఫ్ భారతి! బంట్రోతు అరుస్తుండాడు, సమీనా యాడనుంచో ఊడిపడి మా అత్త చెయ్యి పట్టుకోని లోపలికి నడిపించింది, నేను ఎనక కుర్చీలో కూసున్నా. బోను రెండు మెట్లు, మా అత్త ఎక్కేదానికి కష్టపడింది. ప్రమాణం చేయించినారు. జడ్జిగారు కోలారు పక్కాయనేమో, ఏ భాషలో చెప్తారమ్మా అని కన్నడంలో అడిగినాడు, మా అత్తకి కన్నడం నాకంటే బాగా వచ్చు, అయినా తెలుగు అనింది, సరే చెప్పండి నాకొచ్చు అన్నాడు. సమీనా మొదలుపెట్టింది, మీ పేరు చెప్పండమ్మా.

మా అత్త అటూ ఇటూ చూసింది. "పెట్టిందా, పిలిచేదా?"

ఎవురో నవ్వినారు. సమీనాకి అర్థం కాలేదు, నాకూ కాలేదు. "రెండూ చెప్పండి" అన్నాడు జడ్జిగారు.

"పెట్టింది పిల్లమ్మ. మా అత్త పేరు కూడా పిల్లమ్మే సామీ, ఒక ఇంట్లో ఇద్దరుండకూడదని పెండ్లి నాడే తీసేసినారు. బడి అయ్యవారిని అడిగితే భారతి అని చెప్పినాడంట. అదే పిలిచేది."

జాలి కలగలేదు నాకు, అబద్ధమెందుకు, కోపమే వచ్చింది, ముందరికంటే పదింతలు వచ్చింది. పిల్లమ్మా? నువ్వు పిల్లమ్మవా? నీకు పుట్టినప్పుడు లేని పేరు కోసం, ఎవురో అయ్యవారు చెప్పిన పేరు కోసం, నాకు పుట్టినప్పటినుంచీ ఉండే పేరు తీసేసినావా? అది ఎట్లుంటుందో తెలిసి, ఆ పళ్ళెం ముందర నువ్వూ కూసోని, తలకిందులుగా ఆ అక్షరాలు చూసి, మళ్ళీ నా ముందర పళ్ళెం పెట్టినావా? లేచి అరవాలనిపించింది, సమీనా ఎనక్కి తిరిగి కూసో అన్నట్టు చూసింది. ప్రభుత్వం లాయరు, చిన్నోడే, ఆవలింత ఆపుకోని లేచి, నా మనసులో ఉండేదే అడిగినాడు. "మీకట్ల జరిగింది కదా, మరి కోడలికి ఎందుకు మార్చినారు?"

"ఒకటి అప్పటికే పోయింది కదప్పా. ఇదన్నా నాకుండనీ అనుకున్నా." కొంగుతో మొహం తుడుచుకుంది. "నాదనే అనుకుంటి. ఆ పొద్దు ఆసుపత్రిలో ఆవులప్ప పిలిస్తే నన్నే అనుకోని పోతి. ఆయన నా మొహం చూసి, నువ్వు కాదమ్మా, భారతి అన్నాడు. ఊపిరాడని మనిషి, మళ్ళీ మళ్ళీ అదే, నువ్వు కాదు, భారతి, నువ్వు కాదు, భారతి. అంతే సామీ. ఆ పేరు దానిదే, నాది కాదు. నిశ్చయతాంబూలం నాడు పేరేమి పాపా అంటే భారతి అని గట్టిగా చెప్పింది నాతో. ఇద్దరూ ఒకటే మనిషి. రాసుకోండి."

టైపు చేసే అమ్మాయి టకటకా కొడ్తా ఉండాది. మా నాయన ఆఖరి మాటలు, నా కోసమే అన్న మాటలు, ఇన్నాళ్ళూ ఈమె కడుపులో పెట్టుకోనుండాది, అనపకాయలు ఒలుచుకుంటా, పప్పు పితుక్కుంటా, ఒక్కనాడు నాతో చెప్పలేదు, జడ్జి అడిగితే చెప్తాది! జడ్జిగారు సాక్ష్యం చదివి వినిపించమన్నాడు. సాక్షి పేరు, భారతి, అని మొదలుపెట్టింది టైపు అమ్మాయి.

"అది కాదమ్మా" అనింది మా అత్త. "పిల్లమ్మ అని రాయి."

"అట్ల కుదరదమ్మా" అన్నాడు జడ్జిగారు, కసురుకోకుండా, అదొక మామూలు విషయమైనట్టు. "మీ ఆధార్లో ఏముంటే అదే రాస్తారు. పిల్లమ్మ అని కావాలంటే మీరూ ఒక కేసు వేసుకోవాల."

హాలంతా నవ్వింది, ఆ ఆవలింతల లాయరు కూడా నవ్వినాడు. మా పెండ్లిలో సొన్నప్ప మామని చూసి నవ్విన నవ్వే అది, నేను ఎరుగుదును. మా అత్త నవ్వలేదు. ఆ ముసలి మొహం ఎర్రగా అయింది, దవడ బిగిసింది, ఇన్నేండ్లలో ఆమెకి అంత కోపం రావడం నేను చూడలేదు, నా అద్దంలో మాత్రం రోజూ చూస్తాండా. బోను కమ్మీ పట్టుకోని ఒక కాలు కిందికి పెట్టబోయింది, మోకాలు ఒప్పుకోలేదు, సమీనా వస్తుంటే వద్దని చెయ్యి ఊపింది, నేను కూసున్న పక్కకి తిరిగి, అంత పెద్ద హాల్లో, జడ్జి ముందర, గొంతెత్తి పిలిచింది.

"భారతీ!"

నేను లేచినా.